రెండు చిన్న దెబ్బలు

కొలిమి ఆరిపోయి చాలాకాలమైంది. బొగ్గు కుప్ప మీద గోనెపట్టా కప్పి ఉంది. సమ్మెటలు మూలకు చేరాయి. ఇనుము పెట్టి కొట్టే దాకలి ఒక్కటే, నేలలో పాతిన మొద్దు మీద, ఎవరైనా వస్తారేమో అన్నట్టు కూర్చుని ఉంది. దాని నెత్తి మీద వేలితో గీత గీయగలిగినంత దుమ్ము. కమ్మరి ఇంట్లో దాకలికి దుమ్ము పట్టిందంటే మనిషైనా పోయి ఉండాలి, చేతులైనా పడిపోయి ఉండాలి. ఇక్కడ ఆ రెండూ జరగలేదు. కొడుకు ఇంటికొచ్చాడు.

ఆ కమ్మరిని వీధంతా పెద్ద మేస్త్రి అంటారు. మనిషి ఉలకడు, పలకడు. పుట్టినప్పటినుంచీ దాకలి పక్కనే బతికాడు కనుక చెవులు సగానికి పైగా ఎప్పుడో పోయాయి. వినపడనివాడికి మాట్లాడే సరదా ఏముంటుంది? ఆయన వాటా మాటలు కూడా పెళ్లామే మాట్లాడేది. ఆవిడకు వీధిలో రేడియో అని పేరు. ఎదురుగానే అనేవారు. ఆవిడ నొచ్చుకునేది కాదు. "రేడియో ఉన్న ఇంట్లోనేగా సందడి" అని ఇంకో నాలుగు మాటలు కలిపేది.

కొడుకు సైన్యంలో చేరకముందు తండ్రి దగ్గరే సమ్మెట వేసేవాడు. తండ్రి పట్టకారుతో ఎర్రటి ఇనుమును దాకలి మీద పట్టుకుంటాడు. కొడుకు ఎదురుగా నిలబడి సమ్మెట ఎత్తుతాడు. కొలిమి దగ్గర నోటిమాట పనికిరాదు. తండ్రి చేతిసుత్తితో దాకలి అంచు మీద రెండుసార్లు చిన్నగా తట్టేవాడు. చూసుకో, దెబ్బ పడబోతోంది అని దాని అర్థం. ఆ తర్వాతే సమ్మెట దిగాలి. ఒక్కడే ఉండి కొట్టుకునేటప్పుడు కూడా ఆయన తట్టకుండా మొదటి దెబ్బ వేసేవాడు కాదు. ఇంట్లో ఆడవాళ్లు పొయ్యి దగ్గర ఉంటారు, ఉలిక్కిపడి చెయ్యి కాల్చుకుంటారని వాళ్ల నాన్న నేర్పిన పద్ధతి.

యుద్ధంలో కొడుకు ఎక్కిన బండి కింద బాంబు పేలింది. పక్కన కూర్చున్నవాళ్లలో ఒకడు పోయాడు, ఒకడికి కాలు పోయింది. ఇతనికి ఒంటి మీద గీత కూడా పడలేదు. అదృష్టవంతుడన్నారు. ఆ అదృష్టం నెల తిరక్కుండానే బయటపడింది. మెడ వెనక మొదలై, తల చుట్టూ పట్టీ బిగించినట్టు బిగించుకుంటూ కుడికంటి వెనక్కి చేరి అక్కడ కూర్చునే నొప్పి. వెలుతురు పడదు. చప్పుడు పడదు. మాట్లాడుతూ మాట్లాడుతూ మాట మరిచిపోతాడు. చెంబును చూపించి "అదీ, అదీ" అంటాడు. సైన్యం వాళ్లు మందులిచ్చి, ఇంటికి పంపారు.

"రెండు కాళ్లూ రెండు చేతులూ బంగారంలా ఉన్నాయిగా. తలనొప్పికి ఇంత రభసా?" అన్నాడు టీ కొట్టు ఆయన ఒకసారి.

రేడియో ఊరుకోలేదు. "నీ పెళ్లానికి నువ్వొక తలనొప్పివి. నీ మొహం చూస్తే తెలుస్తోందా? ఇదీ అంతే. పైకి కనపడదు."

పెద్ద మేస్త్రికి మాత్రం ఎవరూ విడమరిచి చెప్పాల్సిన పని లేకపోయింది. చల్లారిన ఇనుము మీద గట్టి దెబ్బ పడితే పైన ఏమీ తెలియదు, లోపల పగులుతుంది. ఉలి చూడ్డానికి నిగనిగలాడుతూనే ఉంటుంది. దాకలికేసి తట్టి చూస్తే మోత చెబుతుంది, పగిలిందో లేదో. కొడుకు తలను దేనికేసి తట్టి చూస్తాం? ఆయన ఆ మాట ఎవరితోనూ అనలేదు. కొడుకు దిగిన రోజే కొలిమిలో నీళ్లు చల్లాడు.

ఊళ్లో చూపిస్తే డాక్టరమ్మ చెప్పింది ఒక్క ముక్క, ఉలిక్కిపడేలాంటి చప్పుళ్లు లేకుండా చూసుకోండి అని. వీళ్లు గోరంత విని కొండంత చేశారు. తలుపు మడతబందులకు నూనె పట్టించారు. గిన్నెలు పోయి ప్లాస్టిక్కు డబ్బాలొచ్చాయి. గోడ గడియారం గుడ్డలో చుట్టి అటక మీద పడేశారు. కోడలు కుట్టుమిషను పక్కవీధి దర్జీ దుకాణానికి మార్చేసుకుని అక్కడికే పనికి వెళుతోంది. ఇంట్లో అందరూ కాలివేళ్ల మీద నడిచారు. మేస్త్రి కొలిమి మానేసి ఆకురాయితో రుద్దే పనులు చేద్దామని కూర్చుంటే, అది కీచుమంటోందని పెళ్లాం కళ్లతోనే తిట్టింది. ఆయన అదీ పక్కన పెట్టాడు.

అన్నిటికంటే వింత, రేడియో గొంతు తగ్గించడం. ఆవిడ గుసగుసగా మాట్లాడడం నేర్చుకుంది. "పుట్టి బుద్ధెరిగాక ఇంత చిన్నగా మాట్లాడలేదే అమ్మాయ్. గొంతు బొంగురుపోయింది" అని కోడలి చెవిలో ఊదింది. కోడలు నవ్వు ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంది.

దీనివల్ల ఎవరూ అనుకోని సంగతొకటి జరిగింది. గుసగుసలు మేస్త్రికి వినపడవు. అరిస్తే వినే మనిషి ముందు ఇల్లంతా పెదవులు కదుపుతోంది. చేపలతొట్టి ముందు కూర్చున్నట్టుంది ఆయనకు. అన్నం పెట్టారా తినేవాడు, లేకపోతే కొట్టు గడప మీద కూర్చునేవాడు. భార్యకు ఏదైనా చెప్పాలనిపిస్తే మొగుడి మోచెయ్యి పట్టుకుని వీధి చివర లారీలు ఆగే చోటుకు తీసుకెళ్లేది. ఆ రొదలో తనివితీరా అరిచి, కడుపుబ్బరం తీర్చుకుని, మళ్లీ ఇంటికొచ్చి నోరు మూసుకునేది.

అంత చేసినా కొడుకు కుదుటపడకపోగా ఇంకా పలచబడ్డాడు. మొదట్లో తలుపు దభాలుమంటే ఉలిక్కిపడేవాడు. తర్వాత చెంచా పడితే. ఒకనాడు మధ్యాహ్నం గాలికి మూలనున్న చీపురు జారి పడింది. చీపురు! దాని చప్పుడెంత? కొడుకు మంచం కిందికి దూరి, రెండు చేతులా తల పట్టుకుని, మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని వణికాడు. తర్వాత నొప్పి వచ్చింది. చీకటిపడేదాకా కక్కుతూనే ఉన్నాడు. తల్లి చీపుర్ని తీసుకెళ్లి పెరట్లో పడుకోబెట్టింది, పసిపిల్లను పడుకోబెట్టినట్టు.

ఇది జరిగిన వారంలోనే రేడియో మళ్లీ మొగుడి మోచెయ్యి పట్టుకుంది. ఈసారి దారంతా ఏడుస్తూ నడిచింది. లారీల దగ్గర నిలబడి అరిచింది.

"వాడు వెళ్లిపోతాడట!"

"ఎక్కడికి?"

"ఊరి చివర ఒక గది చూసుకున్నారట. కోడలు చెప్పింది. నా మూలంగా నాన్న కొలిమి ఆరిపోయింది, నేను కదిలితే మళ్లీ వెలుగుతుంది అంటున్నాడట. వచ్చే నెల నుంచే!"

మేస్త్రి ఇంటివైపు తిరిగి చూశాడు.

"ఈ పిల్ల పొద్దున్నే పనికి పోతుంది. అక్కడ వాడొక్కడూ. నొప్పి ముదిరినప్పుడు వాడికి కళ్లు కనపడవయ్యా. మొన్న గోడకేసి తల కొట్టుకోబోతే నేను పట్టుకున్నాను. అక్కడ ఎవరు పట్టుకుంటారు? గోడా?"

లారీ ఒకటి పొగ వదిలి వెళ్లింది. మేస్త్రి అది మలుపు తిరిగేదాకా చూశాడు.

"దాకలి అమ్మేస్తా," అన్నాడు.

"ఏంటి?"

"దాకలి లేకపోతే కొలిమి లేదు. కొలిమి లేకపోతే వాడికి పోవాల్సిన పని లేదు."

రేడియో నోరు తెరిచింది. అరవడానికని వచ్చిన చోట ఆవిడ అరవకుండా నిలబడటం అదే మొదటిసారి. ఆ దాకలి ఆయన తాతది. పెళ్లయి ఆవిడ కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు, ఈ ఇంట్లో నీ అత్త అదేనమ్మా, దాని మాటే ముందు అని మామగారు హాస్యమాడాడు.

మర్నాడు పొద్దున తుక్కుబావ వచ్చాడు. పాత ఇనుము కొని అమ్ముకునేవాడు. ఊళ్లో అందరూ బావా అంటారు, అతనూ అందర్నీ బావా అంటాడు.

"ఏం బావా, బతికే ఉన్నావా? వీధిలో చప్పుడు లేకపోతే పోయావేమో, ఒక్క మాట చెప్పి పోకూడదా అని కోపమొచ్చింది నాకు!"

రేడియో పరుగున వచ్చి వేలు పెదవుల మీద పెట్టుకుంది. లోపలి గదివైపు చూపించింది. తుక్కుబావ సంగతి తెలిసినవాడే. నాలుక కరుచుకుని గొంతు తగ్గించాడు. ఇక అతని మాట మేస్త్రికి అందలేదు. అతను పెదవులు కదుపుతాడు, మేస్త్రి "ఆఁ?" అని అరుస్తాడు, ఇద్దరు ఆడవాళ్లూ చేతులూపుతారు. కొంతసేపు అదే నాటకం. చివరికి తుక్కుబావ కండువాతో దాకలి మీది దుమ్ము దులిపి, చుట్టూ తిరిగి, వంగి చూసి, సుత్తి పట్టుకున్నట్టు చెయ్యి గాల్లో ఆడించాడు.

మోగించమంటున్నాడు.

కోడలు తల అడ్డంగా ఊపింది. మొగుడు మాత్ర వేసుకుని ఇప్పుడే కళ్లు మూశాడు.

"మోగించకుండా ఎట్లా తీసుకుంటానమ్మా?" అన్నాడు తుక్కుబావ గుసగుసగా. "లోపల పగులుంటే? మోత వినకుండా దాకలి కొన్నానని తెలిస్తే కమ్మరులంతా నా మొహం మీదే నవ్వుతారు. దాకలి సంగతి మీకు తెలియనిదా?"

"కమ్మరి వీధిలో సూదులమ్మడానికి వచ్చాడమ్మా ఈయన," అంది రేడియో కోడలితో. కానీ ఆవిడకూ తెలుసు, అతను అడిగింది న్యాయమే. తన మామగారైనా మోగించకుండా కొనేవాడు కాదు.

మేస్త్రి ఆడవాళ్లిద్దరి మొహాలూ చూశాడు. ఒక్క దెబ్బ. ఇదొక్కటీ అయిపోతే, ఈ ఇంట్లో మరి చప్పుడే ఉండదు, జన్మలో. కొడుకు గది తలుపు వేసే ఉంది. ఆయన మేకుకు వేలాడుతున్న చేతిసుత్తి తీశాడు. పిడి చేతికి కొత్తగా తగిలింది, చల్లగా. దాకలి ముందు నిలబడ్డాడు. తలలో ఏ ఆలోచనా లేదు. చెయ్యి దానంతటది అంచు దగ్గరికి పోయి రెండుసార్లు చిన్నగా తట్టింది. కాస్త ఆగింది. అప్పుడు కొట్టింది.

దాకలి మోగింది. నిండుగా, పగులు లేకుండా, గోడలదాకా పోయి వెనక్కి వచ్చింది. ఇన్ని నెలల్లో ఆ ఇంట్లో మేస్త్రి చెవికి పూర్తిగా అందిన మొదటి శబ్దం అదే.

ఆడవాళ్లిద్దరూ గది తలుపు వైపు తిరిగారు. తల్లి కొంగు పిడికిట్లో నలిపేస్తోంది. మంచం కిందికి పాకే చప్పుడు రాలేదు. మూలుగు రాలేదు. తలుపు తెరుచుకుంది.

కొడుకు గడపలో నిలబడ్డాడు. ఒక చేత్తో కుడికన్ను మూసుకున్నాడు. రెండో చేత్తో తలుపు చట్రం పట్టుకున్నాడు. మొహం పాలిపోయి ఉంది, కానీ నిటారుగా నిలబడ్డాడు.

"ఇంకోసారి కొట్టు నాన్నా."

మేస్త్రికి వినపడలేదు. సుత్తి వెనక దాచుకోబోయాడు, తప్పుచేసి దొరికిపోయినవాడిలా.

"ఇంకోసారి కొట్టమంటున్నారు మామయ్యా!" కోడలు గట్టిగా అంది. అన్నాక తన గొంతుకు తనే బెదిరింది.

"మతిపోయిందా నీకు?" తల్లి కొడుకు దగ్గరికి పోయి గుసగుసలాడింది. "పడుకో నాయనా. ఈ ఒక్కదానితో అయిపోయింది. అమ్మేస్తున్నాం."

కొడుకు తల్లిని కాదు, దాకలిని చూస్తున్నాడు. "తట్టి కొట్టమను," అన్నాడు.

మేస్త్రికి కోడలి సైగ అర్థమైంది. రెండుసార్లు తట్టాడు. ఆ తట్టుడుకే కొడుకు భుజాలు కుదురుకోవడం, కాళ్లు ఎడంగా జరిగి నేలను పట్టుకోవడం ఆయన చూశాడు. సమ్మెట ఎత్తే ముందు వీడు ఎప్పుడూ అలాగే నిలబడేవాడు. ఆగి, కొట్టాడు. కొడుకు రెండు కళ్లూ గట్టిగా మూసుకున్నాడు. మోత పూర్తిగా పోయేదాకా మూసే ఉంచాడు. తెరిచాడు.

"నొప్పా?" అంది కోడలు.

"నొప్పే. తల మీదే పడ్డట్టుంది."

"మరి ఎందుకండీ ఇదంతా..."

"నొప్పి ఎప్పుడూ ఉండేదే. కానీ నేను ఎక్కడికీ పోలేదు, చూశావా? ఇక్కడే ఉన్నాను." అతను మాట కోసం వెతుక్కున్నాడు. దొరికేదాకా అందరూ ఆగారు. "అది వస్తోందని తెలిసింది. అంతే."

తుక్కుబావ అప్రయత్నంగా మొద్దు పక్కన చతికిలబడ్డాడు. కొడుకు గడప మీద కూర్చుని, గోడకు తల ఆనించి, మెల్లగా చెప్పాడు. అక్కడ, యుద్ధంలో, చప్పుడున్న రోడ్డు మీద ఎవరూ భయపడేవాళ్లు కాదు. అంగళ్లు తెరిచి, జనం అరుచుకుంటూ ఉంటే గుండె నిమ్మళంగా ఉండేది. రోడ్డు నిశ్శబ్దంగా ఉంటేనే ఒళ్లు బిగుసుకుపోయేది. పేలిన రోజున కుక్క కూడా మొరగలేదు.

"ఇక్కడా అట్లాగే ఉంటోంది. మీరంతా కాలివేళ్ల మీద నడుస్తుంటే, ఎప్పుడు ఏది పేలుతుందో అని పొద్దస్తమానం కాచుకుని కూర్చుంటాను. ఆ కాచుకోవడంతోనే సగం తల పగిలిపోతోంది. తర్వాత చీపురు పడ్డా బాంబే."

"ఓరి నీ అసాధ్యం కూలా!" రేడియో గొంతు ఒక్కసారిగా పాత గొంతైపోయింది. "ఇన్నాళ్లూ నా నోటికి కుట్లు వేసుకున్నానే! ఆ ముక్క ముందే చెప్పి చావొద్దూ!"

కొడుకు చప్పున తల పట్టుకున్నాడు. ఆవిడ రెండు చేతులా నోరు నొక్కుకుంది. కాసేపటికి అతను ఒంటికంటితో తల్లిని చూసి నవ్వాడు.

"నాకూ సరిగ్గా ఇప్పుడే తెలిసిందమ్మా. మీరు నాకోసం అంత చేస్తుంటే ఏమని చెప్పను? నువ్వు మాట్లాడు, పరవాలేదు. కాకపోతే మొదలుపెట్టే ముందు కాస్త తట్టు."

"ఆవిడకు తట్టడానికి టైమెక్కడిది?" అన్నాడు తుక్కుబావ. లేచి కండువా దులుపుకున్నాడు. "సరే బావా, మోత బాగుంది. మనుషుల్ని పిలిపించనా? నలుగురైనా కావాలి దీన్ని లేపడానికి."

కోడలు ఆ మాట మామగారి చెవిలో అరిచింది. మేస్త్రి సుత్తిని మేకుకు తగిలించాడు.

"అమ్మకం కాదు."

"మరి నన్నెందుకు పిలిచినట్టు?"

మేస్త్రి బాగా ఆలోచించాడు.

"టీ తాగి పో."

అంతటితో అంతా చక్కబడిపోయిందనుకుంటే పొరపాటు. ఆ రెండు దెబ్బలకే కొడుకు మర్నాడంతా చీకటిగదిలో పడుకున్నాడు. కోడలు డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లి జరిగింది చెబితే, ఆవిడ కోప్పడలేదు. చెవుల్లో పెట్టుకునే మెత్తటి బిరడాలు ఇచ్చి, నెమ్మదిగా, కొంచెం కొంచెంగా, అతను చాలన్నప్పుడు ఆపాలి అంది. సమ్మెట మాత్రం ముట్టుకోవద్దంది. గది ఇస్తానన్నవాళ్లకు కోడలే వెళ్లి వద్దని చెప్పి వచ్చింది. ఆ రోజు రాత్రి ఆమె అటక మీది గడియారం దింపి, మొగుడి ముందే ముల్లు తిప్పి, మోగబోతోంది అని చెప్పి మోగించి, అతనికి అలవాటయ్యేదాకా పక్కనే కూర్చుంది.

కొలిమి మళ్లీ వెలిగింది. పొద్దున పూట కొద్దిసేపు. తలుపు గడియలు, మేకులు, చిన్నచిన్న మడతబందులు. పెద్ద పనులు వస్తే మేస్త్రి వేరేవాళ్ల దగ్గరికి పంపేస్తాడు. మంచిరోజైతే కొడుకు బిరడాలు పెట్టుకుని కొలిమికి గాలికొట్టే చక్రం తిప్పుతాడు, నిప్పుకు వీపు పెట్టి, వెలుతురు కంటికి తగలకుండా. తండ్రి రెండుసార్లు తట్టి, కొడుకు భుజాలు కుదురుకున్నాకే దెబ్బ వేస్తాడు. ఒక్కోరోజు ఒక్క గడియ చెయ్యడం కూడా పూర్తికాకుండానే కొడుకు చెయ్యెత్తుతాడు. మేస్త్రి ఇనుమును నీళ్లలో ముంచేస్తాడు. చల్లారిందాన్ని రేపు మళ్లీ కాల్చుకోవచ్చు.

రేడియో కూడా తట్టడం నేర్చుకుంది. గిన్నెలు దింపే ముందు గరిటెతో గోడ మీద రెండు. తలుపు వేసే ముందు రెండు. మొగుడితో పోట్లాట మొదలుపెట్టే ముందు కూడా రెండు. "ఇదేదో మొదట్నుంచీ ఉంటే ఎంత బాగుండేది, నేనూ తప్పుకునేవాణ్ణి" అన్నాడట మేస్త్రి. ఆయన అంత పొడుగు మాట అన్నాడంటే వీధిలో ఎవరూ నమ్మలేదు.

చెడ్డరోజులు మాత్రం పోలేదు. నొప్పి దాని ఇష్టానికి అది వస్తుంది. మబ్బు పట్టినా వస్తుంది, పట్టకపోయినా వస్తుంది. కొడుకు మంచం, కొలిమి కొట్టు ఒకే గోడకు అటూ ఇటూ ఉన్నాయి. మేస్త్రి ఇదివరకు వీధివైపు కూర్చుని రుద్దుడు పని చేసేవాడు. ఇప్పుడు పీట జరుపుకుని, వీపు ఆ గోడకు ఆనించి కూర్చుంటున్నాడు. ముసలాడికి నడుము వాలిపోతోంది కాబోలు అనుకుంది రేడియో.

ఒకరోజు మధ్యాహ్నం కోడలు పనికి పోయింది. రేడియో వీధి చివర ఎవరితోనో మాట్లాడుతోంది, అంత దూరం నుంచీ ఆవిడ గొంతు వినిపిస్తుందని వీధివాళ్లు చెప్పుకుంటారు. మేస్త్రి ఒక గడియకు ఆకురాయి పెట్టి మెల్లగా రుద్దుతున్నాడు. గోడలోంచి ఆయన వీపుకు రెండు చిన్న దెబ్బలు తగిలాయి. ఆగి, మళ్లీ రెండు.

ఆయన ఆకురాయి కింద పెట్టాడు. తొట్టిలో చేతులు ముంచి, బొగ్గు మసి పోయేదాకా కడుక్కున్నాడు. కొడుకు గది తలుపు మీద వేలి కణుపుతో రెండుసార్లు తట్టి, లోపలికి వెళ్లి, మంచం తల దగ్గర కూర్చున్నాడు. తడి ఆరని చేతులతో కొడుకు తలను రెండువైపులా గట్టిగా పట్టుకున్నాడు.

"వస్తోందా?"

కొడుకు కళ్లు మూసుకునే తలాడించాడు. ఆ కదలిక అరచేతుల్లో తెలిసింది.

"రానీ," అన్నాడు మేస్త్రి.